బోరు నీళ్లు నల్లా పైపులోకి ఎలా వెళ్తాయి? బ్యాక్ ప్రెషర్ అంటే ఏంటి?

హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లకు రెండు రకాల నీళ్లు వస్తాయి. ఒకటి జలమండలి నల్లా, రెండోది బోరు. రెండూ విడివిడిగా వచ్చి సంపులో పడితే ఇబ్బంది లేదు. కొన్నిచోట్ల మాత్రం పైపు ఖర్చు తగ్గుతుందని రెండు లైన్లనూ ముందే కలిపేసి, మధ్యలో ఒక గేట్ వాల్వ్ బిగిస్తారు. చిక్కు అక్కడే.

ఏది మంచినీళ్ల పైపో, ఏది బోరు పైపో నీళ్లకు తెలియదు. ఒత్తిడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి వెళ్తాయి, అంతే. ముందుకు వెళ్లే నీటిని అవతలి వైపు నుంచి అడ్డుకునే ఒత్తిడే బ్యాక్ ప్రెషర్. పైపు వంపులు, సగం మూసిన వాల్వ్, పైనున్న ట్యాంకు ఎత్తు అన్నీ దాన్ని పెంచుతాయి. కొంత ఉండటం మామూలే. అది సరఫరా ఒత్తిడిని మించితేనే నీళ్లు వెనక్కి తిరుగుతాయి.

ఎంత తేడా ఉంటుందో చూడండి. 10 మీటర్ల ఎత్తు నీళ్లు దాదాపు 1 బార్ ఒత్తిడి కలిగిస్తాయి. మీ ట్యాంకు 18 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, బోరు మోటారు కింది పైపులో కనీసం 1.8 బార్ ఒత్తిడి తేవాలి. మరి వీధి పైపులో? కేంద్ర ప్రభుత్వ 1999 నీటి సరఫరా మాన్యువల్ ఒక అంతస్తు ఇళ్లున్న చోట 7 మీటర్లు, అంటే 0.7 బార్ ఉంటే చాలంది. నల్లా రాని వేళ అదీ ఉండదు. ఆ గేట్ వాల్వ్ మూయడం వాచ్‌మన్ మరిచిపోయాడంటే, క్లోరిన్ కలపని మీ బోరు నీళ్లు వీధి లైన్‌లోకి వెళ్తాయి. మళ్లీ నల్లా వదిలినప్పుడు అవి ఎవరి బిందెలో పడతాయో చెప్పలేం.

బోరు పక్కనే డ్రైనేజీ ఉంటే? 1933లో షికాగోలో ప్లంబింగ్ లోపాల వల్ల హోటళ్ల తాగునీటిలో మురుగు కలిసి, అమీబిక్ డీసెంటరీతో సుమారు వంద మంది చనిపోయారు.

నీళ్లు ఒకవైపే వెళ్లేలా చేసే ఎన్ఆర్‌వీ వాల్వ్ పెడితే సరిపోదా అంటారేమో. పెట్టడం మంచిదే, కానీ ఇసుక రేణువు ఇరుక్కున్నా అది పూర్తిగా మూసుకోదు. దానికన్నా నమ్మకమైనది ఖాళీ జాగా. నల్లా పైపు చివర సంపు నిండినా నీళ్లకు తగలకుండా, పైపు వ్యాసానికి కనీసం రెండు రెట్లు పైన ఉండాలి. అర అంగుళం పైపైతే ఒక అంగుళం.

నల్లాకు నేరుగా మోటారు బిగించడం దీనికి తిరగేసిన తప్పు. అది వీధి పైపులో ఒత్తిడిని పడగొట్టి, పగుళ్లలోంచి మురుగును లోపలికి లాగుతుంది. జలమండలి అలాంటి మోటార్లను స్వాధీనం చేసుకుని జరిమానా వేసేది ఇందుకు కూడా.

మీ భవనంలో ఎలా ఉందో మీరే చూసుకోవచ్చు. నల్లా రాని సమయంలో బోరు మోటారు వేయించి, మీటర్ దగ్గరున్న నల్లా తిప్పండి. నీళ్లు జోరుగా వస్తే రెండు లైన్లూ ఎక్కడో కలిసే ఉన్నాయి. వెంటనే మోటారు ఆపించి, ప్లంబర్‌ని పిలిచి విడదీయించండి.