పెన్‌డ్రైవ్‌లోని పెళ్లి వీడియో గేమ్ కన్సోల్‌లో ప్లే కాకపోతే

టీవీకి కలిపిన గేమ్ కన్సోల్ ఆటలతో పాటు వీడియోలు కూడా చూపించగలదు. పెన్‌డ్రైవ్ పెట్టాక ఫైలు అసలు కనిపించకపోయినా, కనిపించి తెరుచుకోకపోయినా కన్సోల్ పాడైందని చాలామంది కంగారు పడతారు. చాలాసార్లు కన్సోల్ బాగానే ఉంటుంది. ఫైలును భద్రపరిచిన పద్ధతి దానికి అర్థం కాకపోవడమే కారణం.

ఇందుకు పెళ్లి వీడియో మంచి ఉదాహరణ. పెళ్లి చిక్కబళ్లాపురం జిల్లా తొండేభావిలో జరిగినా, రాష్ట్ర సరిహద్దు అవతల హిందూపురంలో జరిగినా, స్టూడియోలు ఇప్పుడు డీవీడీకి బదులు పెన్‌డ్రైవ్ చేతికిస్తున్నాయి. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా రెండు మూడు గంటలు నడిచే ఆ ఫైలులోనే చిక్కులన్నీ ఒకచోట కనిపిస్తాయి.

ముందుగా చూడవలసింది పెన్‌డ్రైవ్ ఫార్మాట్. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. కచ్చితంగా చెప్పాలంటే 4,29,49,67,295 బైట్లే హద్దు. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున తయారైన వీడియో గంటకు 3.6 జీబీ అవుతుంది. రెండు గంటల పెళ్లి 7 జీబీ దాటిపోతుంది కనుక స్టూడియోవాళ్లు తరచూ ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ వాడతారు. ప్లేస్టేషన్ 3కి ఆ రెండూ తెలియవు, ఫ్యాట్32 ఒక్కటే తెలుసు. ప్లేస్టేషన్ 4 ఫ్యాట్32తో పాటు ఎక్స్‌ఫ్యాట్‌నూ చదువుతుంది గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదవదు. ఎక్స్‌బాక్స్ వన్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కూడా చదువుతుంది. కాబట్టి పెన్‌డ్రైవ్‌ను కన్సోల్ గుర్తించనే గుర్తించకపోతే దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లోకి, ప్లేస్టేషన్ 3 అయితే ఫ్యాట్32లోకి మార్చడం మొదటి మందు. ఫార్మాట్ చేస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది. అందుకే ముందు వీడియోను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే ఆ పని చేయాలి.

పెన్‌డ్రైవ్ కనిపించి ఫైలు మాత్రం ఆడకపోతే లోపం ఫైలులో ఉంటుంది. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి టిఫిన్ క్యారియర్ల లాంటి డబ్బాలు. లోపల ఏ వంట ఉందో పైనుంచి తెలియదు. లోపలి బొమ్మను, శబ్దాన్ని కుదించే పద్ధతిని కోడెక్ అంటారు. 2003లో వచ్చిన హెచ్.264ను దాదాపు అన్ని పరికరాలూ ఆడిస్తాయి. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతను తక్కువ చోటులో ఇముడుస్తుంది కానీ, ప్లేస్టేషన్ 4 మీడియా ప్లేయర్ దాన్ని తీసుకోదు. 2017 తర్వాతి ఐఫోన్లు చాలావరకు హెచ్.265లోనే చిత్రీకరిస్తాయి. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు వెళ్లి ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇకపై తీసేవి హెచ్.264లో వస్తాయి.

బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే ఆడియో కోడెక్‌ను అనుమానించాలి. ప్లేస్టేషన్ 4 ఎంకేవీ ఫైళ్లలో ఏఏసీ, ఎంపీ3, డాల్బీ డిజిటల్ శబ్దాలను తీసుకుంటుంది. డీటీఎస్ ఆ జాబితాలో లేదు.

కన్సోల్ ఏదన్నదీ ముఖ్యమే. ప్లేస్టేషన్ 3 ఎంకేవీని తీసుకోదు. ప్లేస్టేషన్ 4కు 2015లో వచ్చిన మీడియా ప్లేయర్ యాప్ తీసుకుంటుంది. ఎక్స్‌బాక్స్‌వాళ్లకు అన్నిటికన్నా సుళువు. స్టోర్‌లో ఉచితంగా దొరికే వీఎల్‌సీ చాలా రకాల ఫైళ్లను ఆడిస్తుంది.

కారణం ఊహించడం కన్నా తెలుసుకోవడమే మేలు. కంప్యూటర్‌లో మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఫైలు తెరిస్తే డబ్బా పేరు, రెండు కోడెక్‌లు ఒకేసారి కనిపిస్తాయి. కోడెక్‌లు సరైనవై డబ్బా ఒక్కటే పనికిరానిదైతే, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో డబ్బా మాత్రం మార్చవచ్చు. సాధారణంగా అది నిమిషాల్లో ముగుస్తుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. కోడెక్ మార్చాల్సి వస్తే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌లో ‘ఫాస్ట్ 1080పీ30’ ఎంచుకుంటే చాలు. పాత కంప్యూటర్‌లో ఇది గంటలు పట్టవచ్చు. మార్చిన ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది కనుక అసలు ఫైలును ఎప్పుడూ చెరపకూడదు.

ఈ తిప్పలన్నీ మొదట్లోనే తప్పించుకోవచ్చు. పెళ్లి వీడియో ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఎంపీ4 ఫైలు, హెచ్.264 బొమ్మ, ఏఏసీ శబ్దం, ఎక్స్‌ఫ్యాట్ (ప్లేస్టేషన్ 3 అయితే ఫ్యాట్32) పెన్‌డ్రైవ్ కావాలని స్టూడియోవాళ్లకు కాగితం మీద రాసి ఇవ్వండి.