గోత్రం తెలియని ఆత్మబంధువు

ఇంట్లో మనిషి పోతే పదిరోజులు మైల. బంధువులు వచ్చి పలకరిస్తారు. ఆఫీసువాళ్లు సెలవిస్తారు. పెద్దకర్మ నాడు ఎవరేం చేయాలో పెద్దవాళ్లు దగ్గరుండి చెబుతారు. మరి అరవయ్యేళ్ల స్నేహితుడు పోతే? గుమ్మం బయట చెప్పులు విడిచి, కాసేపు వరండాలో నిలబడి, 'ఎన్నింటికి తీసుకెళ్తారు' అని ఎవర్నో మెల్లగా అడగడం. సాయంత్రం ఇంటికొచ్చి తలస్నానం చేయడం. అంతే! మర్నాడు మామూలుగానే పాలు, పేపరు. వారం దాటితే చాలు... 'ఇంకా అలాగే ఉన్నారేంటి?' అంటారు ఇంట్లోవాళ్లు. తప్పు వాళ్లది కాదు. స్నేహితుడి కోసం ఎన్నాళ్లు ఏడవాలో ఏ పంచాంగంలోనూ రాసి లేదు.

అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా 1989లో ఇలాంటి బాధకు ఓ పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే 'గుర్తింపు దక్కని దుఃఖం'. బాధ ఉంటుంది, బాధపడే హక్కు ఉందని మాత్రం ఎవరూ ఒప్పుకోరు. ఆస్ట్రేలియాలో దాదాపు 26 వేల మంది వివరాలను పరిశీలించి 2019లో ప్రచురించిన ఓ అధ్యయనమైతే ఇంకాస్త గట్టిగా చెప్పింది. దగ్గరి స్నేహితుణ్ని పోగొట్టుకున్నవారి ఆరోగ్యం మీద, మనసు మీద ఆ దెబ్బ నాలుగేళ్ల వరకూ కనబడిందట. నాలుగేళ్లెక్కడ, మనమిచ్చే నాలుగు రోజులెక్కడ!

స్నేహం అనగానే తెలుగువాళ్ల నోట జంటగా వచ్చే పేరు ఒకటుంది. బాపు-రమణ. మద్రాసు మైలాపూరులోని పీఎస్ హైస్కూల్లో మొదలైన పరిచయం అది. ఒకరు నరసాపురంలో పుట్టారు, మరొకరు ధవళేశ్వరంలో. ఒకరు రాస్తే ఒకరు బొమ్మ వేశారు. 'బుడుగు' అల్లరి ముళ్లపూడి వెంకటరమణది, ఆ బుడుగు మొహం బాపుది. 1967లో 'సాక్షి' మొదలు 'ముత్యాలముగ్గు', 'పెళ్లి పుస్తకం' దాకా తెరమీదా అదే వరస. చెన్నైలో రెండు కుటుంబాలూ దశాబ్దాలపాటు ఒకే ఇంట్లో కలిసి బతికాయి. రమణ తన జీవితకథను 'కోతి కొమ్మచ్చి' అంటూ చెబితే దానికీ బాపు బొమ్మలే!

2011 ఫిబ్రవరి 24న రమణ వెళ్లిపోయారు. అప్పటికి ఇద్దరూ కలిసి చేస్తున్న 'శ్రీరామరాజ్యం' ఇంకా పూర్తికాలేదు. డెబ్భై ఏడేళ్ల వయసులో బాపు ఆ సినిమాను పూర్తిచేశారు. అదే ఏడాది నవంబరు 17న విడుదలైంది. రాసిన మనిషి లేడు, ఆయన రాసిన మాటలు నటుల నోట వినబడుతూనే ఉన్నాయి. 'ఈ మాట ఇలా ఎందుకు రాశావయ్యా' అని అడుగుదామంటే పక్క కుర్చీ ఖాళీ. బాపు మనసులో ఏముందో చెప్పడానికి మనమెవరం? అసలే ఆయన మితభాషి. కానీ స్నేహితుడు సగంలో వదిలిన పనిని చేతిలోకి తీసుకోవడానికి మించిన ఊరట ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది. మూడున్నరేళ్ల తర్వాత, 2014 ఆగస్టు 31న బాపు కూడా వెళ్లిపోయారు.

అందరికీ సినిమాలూ పుస్తకాలూ మిగలవు. మామూలు మనుషులకు మిగిలేవి చిన్నచిన్నవి. అలవాటుకొద్దీ 'వన్ బై టూ' అని చెప్పేస్తే హోటల్ కుర్రాడు తెచ్చి పెట్టిన రెండో కప్పు. అడిగి తెచ్చుకుని తిరిగి ఇవ్వని పుస్తకం మొదటి పేజీలో ఆయన సంతకం. ఫోన్లో తీసేయడానికి చేయి రాని నంబరు. ఆరింటికి వీధి మలుపులో అచ్చం ఆయన స్కూటర్ హారన్‌లా మోగే హారన్... ఒక్కక్షణం లేచి నిలబడి, మళ్లీ కూర్చోవడం. తీరా చూస్తే అది పక్కింటికి వచ్చిన ఎవరిదో అయి ఉంటుంది. అయినా ఆ పూట మనసు కాస్త తేలికగానే ఉంటుంది.

ఇది పిచ్చి కాదు. వేల్స్‌లో డ్యూయీ రీస్ అనే డాక్టరు జీవిత భాగస్వామిని కోల్పోయిన 293 మందిని అడిగి చూశారు. దాదాపు సగం మంది, పోయినవాళ్లు పక్కనే ఉన్నట్టు ఎప్పుడో ఒకప్పుడు అనిపించిందన్నారు. అలా అనిపించినవాళ్లలో చాలామంది ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు, నవ్వుతారేమోనని కొందరు. భయం వేసిందా అంటే, లేదు, ధైర్యంగా ఉందన్నవాళ్లే ఎక్కువ. 1971లో వచ్చిందా పరిశోధన. అన్నట్టు, ఆ డాక్టరుగారు అడిగింది భార్యల్నీ భర్తల్నే. స్నేహితుల వంతు అక్కడా రాలేదు!

పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందన్నది ఒకప్పటి మాట. తెంచుకోనక్కర్లేదు, వేరే రూపంలో కొనసాగించుకోవచ్చని 1996లో ముగ్గురు అమెరికన్ పరిశోధకులు పుస్తకమే తెచ్చారు. ఏటా మహాలయ పక్షాల్లో నువ్వులూ నీళ్లూ వదిలేవాళ్లకు ఇదేం కొత్త కాదు.

ఆ తర్పణంలోనే స్నేహితుడికీ ఓ చోటుంది. తండ్రి, తాత, ముత్తాత, తల్లివైపు పెద్దలు, అత్తమామలు... వరసగా అందరూ అయ్యాక చివర్లో గురువు పక్కన 'సఖుడు' కూడా వస్తాడు. పుష్కరాల్లో పిండప్రదానానికి కూర్చున్నప్పుడు కూడా అంతే. చిక్కేమిటంటే పేరుతోపాటు గోత్రం చెప్పాలి. అక్కడ తడబడతారు చాలామంది. ఒకే బెంచీ మీద చదువుకుని, ఒకే కంచంలో తిని, అప్పులూ కబుర్లూ పంచుకున్న మనిషిని గోత్రం ఎప్పుడు అడుగుతాం? తెలియకపోతే పర్వాలేదు, కాశ్యప గోత్రమని చెప్పమంటారు పురోహితులు. పేరు మాత్రం అడగరు మరోసారి. అది ఎలాగూ ముందే బయటికి వచ్చేస్తుంది, ఇంటిపేరుతో సహా.