మీ కుక్కకు మలబద్ధకమా?

మీకు కడుపులో నొప్పి వస్తే అమ్మతో చెబుతారు. మరి నోరులేని కుక్క ఏం చేస్తుంది? పెరట్లోకి వెళ్లి, నడుము వంచి, ముక్కి ముక్కి, ఏమీ రాక తిరిగి వస్తుంది. కాసేపటికి మళ్లీ వెళుతుంది. ఇది మలబద్ధకం కావచ్చు.

అసలు మలం ఎందుకు గట్టిపడుతుంది? కుక్క తిన్న ఆహారం చాలావరకు చిన్నపేగులో జీర్ణమవుతుంది. మిగిలిన పిప్పి పెద్దపేగులోకి చేరుతుంది. అందులోని నీటిని పీల్చి ఒంటికి అందించడం పెద్దపేగు చేసే పనుల్లో ఒకటి. మలం అక్కడే ఎక్కువసేపు నిలిచిపోతే, పేగు నీటిని పీలుస్తూనే ఉంటుంది. తడి బంకమట్టి ఎండకు పెళ్ల కట్టినట్లు మలం గట్టిపడుతుంది. గట్టిపడినకొద్దీ కదలదు, కదలనికొద్దీ ఇంకా గట్టిపడుతుంది. ఇలా చాలాకాలం సాగితే పేగు గోడ బాగా సాగిపోయి, ముడుచుకునే శక్తినే పోగొట్టుకోవచ్చు.

కారణాలు ఏమిటి?

మన ఇళ్లలో మాంసం వండిన రోజున ఎముకలన్నీ కుక్కకే గదా! ఎముకలో కాల్షియం ఫాస్ఫేటు అనే ఖనిజ లవణం ఎక్కువ. అరగని ఎముక ముక్కలు మలంలో చేరి దాన్ని సుద్దముక్కలా గట్టిపరుస్తాయి. ఉడికిన ఎముకలు వాడిగా చీలి, పేగును గాయపరచవచ్చు కూడా. వెంట్రుకలు, గుడ్డపీలికలు, గులకరాళ్లు మింగడం, చాలినన్ని నీళ్లు తాగకపోవడం, రోజంతా గొలుసుతో కట్టివేయబడి ఉండడం మరికొన్ని కారణాలు. ముసలి మగకుక్కల్లో ప్రోస్టేటు గ్రంథి పెరిగి మలమార్గాన్ని నొక్కవచ్చు.

అయితే ముక్కినంత మాత్రాన మలబద్ధకమే అనుకోకండి. పెద్దపేగు వాచినప్పుడు కూడా కుక్క మాటిమాటికి కూర్చుని, కొంచెం జిగట మాత్రమే విసర్జిస్తుంది. మూత్రం బిగిసినా అలాగే ముక్కుతుంది. మూత్రం బొత్తిగా రాకపోతే ప్రాణాపాయం; ఆ క్షణమే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి.

వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలి?

ఆరోగ్యంగా ఉన్న కుక్క సాధారణంగా రోజుకు ఒకటి రెండుసార్లు మలవిసర్జన చేస్తుంది. ఒక రోజు తప్పినా, చక్కగా తింటూ, ఆడుతూ ఉంటే కంగారు వద్దు. శుభ్రమైన నీరు అందుబాటులో ఉంచండి. ఎముకలు మానిపించండి. ఉదయం, సాయంత్రం నడిపించండి. 48 గంటలు గడిచినా ఫలితం లేకపోతే పశువైద్యునికి చూపించాలి.

వాంతులు, పొట్ట ఉబ్బరం, మలంలో రక్తం, తిండి మానడం, నొప్పితో మూలగడం - వీటిలో ఏది కనిపించినా రెండు రోజులు ఆగరాదు. ఎముకో, దారమో మింగిందని తెలిసినా అంతే. చిన్న కూనల విషయంలోనూ ఆలస్యం తగదు.

ఇవి చేయకండి

ఇంట్లో ఆముదం ఉన్నది గదా అని పట్టించకండి. పేగుకు ఏదైనా అడ్డుపడి ఉంటే విరేచనాల మందు మరింత హాని చేస్తుంది. బలవంతంగా పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మనుషులకు వాడే ఎనిమాల్లో కొన్నిటిలో ఫాస్ఫేటు లవణాలుంటాయి. అవి చిన్న కుక్కల ప్రాణాలే తీయవచ్చు. మలద్వారం నుండి దారం వేలాడుతుంటే లాగకండి. లోపల పేగు కోసుకుపోతుంది. నొప్పితో ఉన్న కుక్క కరవవచ్చు, కనుక దాని పొట్ట నొక్కి చూడకండి.

పశువైద్యుడు పొట్టను తడిమి, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. మింగిన ఎముకలు అందులో తెల్లగా కనిపిస్తాయి. గట్టిపడిన మలాన్ని గోరువెచ్చని నీటి ఎనిమాతో, మరీ బిగిసిపోతే మత్తు ఇచ్చి తొలగిస్తారు.

మీరు చేయగల సాయం ఒకటుంది. కుక్క చివరిసారి మలవిసర్జన ఎప్పుడు చేసింది? ఏం తిన్నది? నీళ్లు తాగుతున్నదా? మూత్రం వస్తున్నదా? ఈ నాలుగు సంగతులు ఒక కాగితం మీద వ్రాసుకొని వెళ్లండి. వైద్యుడు మొదట అడిగేవి ఇవే. కుక్క చెప్పలేదు కనుక ఆ జవాబులు మీరే చెప్పాలి.