చట్టమునకు బలము నిజమైన కొలత

ఫ్యాక్టరీ పొగగొట్టము నుండి వెలువడు దుమ్ములో మన కంటి కగపడనిదే మిక్కిలి ప్రమాదకరమైనది. తలవెండ్రుక మందములో సుమారు 30వ వంతు మాత్రమే యుండు కణములు ముక్కులోను, గొంతులోను నిలిచిపోక ఊపిరితిత్తుల లోలోపలికి చొరబడును. ఉబ్బసము, గుండెజబ్బు, పక్షవాతము మున్నగు వ్యాధులకు ఇట్టి దుమ్ము ఒక ముఖ్యకారణమని వైద్యశాస్త్రము నిర్ణయించినది. వైద్యుడు రోగికి మందీయగలడు గాని, పొగగొట్టమునకు చికిత్స చేయలేడు. ఆ పని చట్టము చేయవలెను. చట్టము ఆ పనిని ఎట్లు చేయుచున్నదో, ఎచ్చట తప్పిపోవుచున్నదో తెలిసికొనుట ఆరోగ్యమును కోరు ప్రతి పౌరునికిని అవసరము.

చట్టముల స్వరూపము

మన దేశమున 1974లో జలకాలుష్య నివారణ చట్టమును, 1981లో వాయుకాలుష్య నివారణ చట్టమును వచ్చినవి. 1984 డిసెంబరులో భోపాల్ నగరమున విషవాయువు వేలకొలది ప్రజలను బలిగొన్న పిమ్మట, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము చేయబడినది. వీనిని అమలుజరుపు బాధ్యత ముఖ్యముగా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలులది. మురుగునీటిని బయటికి వదలు ఫ్యాక్టరీ సాధారణముగా మండలి అనుమతి ముందుగా పొందవలెను. హద్దు మీరినచో ఫ్యాక్టరీని మూయించుటకును, విద్యుచ్ఛక్తిని, నీటిని నిలిపివేయించుటకును మండలికి అధికారము కలదు.

వదలిన నీటి మచ్చును తీయుటకు సైతము చట్టము ఒక పద్ధతిని విధించినది. అధికారి యజమానికి నోటీసు నిచ్చి, అతని యెదుట మచ్చును తీసి, రెండు భాగములు చేసి, రెంటిని సీలువేసి, ఉభయులును సంతకములు చేయవలెను. ఈ క్రమము తప్పినచో ఆ పరీక్షాఫలితము న్యాయస్థానములో సాక్ష్యముగా నిలువకపోవచ్చును. చట్టమునకు కొలత ఎంత ముఖ్యమో దీనినిబట్టియే తెలియుచున్నది.

కంచె చేను మేసినచో

కొలత తప్పినచో ఏమగునో గుజరాత్ అనుభవము చెప్పుచున్నది. ఆ రాష్ట్రమున 1996లో హైకోర్టు ఉత్తరువు ననుసరించి, కాలుష్యము అధికముగా గల ఫ్యాక్టరీలను స్వతంత్ర ఆడిటర్లు ఏటేట తనిఖీచేయు ఏర్పాటు జరిగెను. కాని ఆడిటరును ఎన్నుకొనువాడును, ప్రతిఫలమిచ్చువాడును ఫ్యాక్టరీ యజమానియే. నిజము వ్రాసినచో మరుసటి సంవత్సరము పని దొరకదు. అందుచేత ఘనపు మీటరు గాలికి 150 మిల్లీగ్రాముల దుమ్ము మించరాదను నియమమున్నచోట, నివేదికలలోని అంకెలు పెక్కు ఆ హద్దునకు కొంచెము దిగువగా వచ్చి నిలుచుచుండెను. నిజముగా కొలిచి చూచినప్పుడు దుమ్ము తరచుగా అంతకంటె ఎక్కువగా నుండెను. కాపలాదారునికి జీతము దొంగ యిచ్చినచో కాపలా ఎట్లుండునో ఈ తనిఖీయు అట్లే యుండెను.

2009 మొదలు ఆ రాష్ట్ర మండలి ఆర్థికశాస్త్రజ్ఞులతో కలిసి ఒక పరిశోధన గావించినది. కొన్ని ఫ్యాక్టరీలకు ఆడిటరును చీట్లువేసినట్లు మండలియే నియమించెను. ప్రతిఫలమును యజమాని చేతిమీదుగా గాక ఉమ్మడి నిధి నుండి చెల్లించెను. కొన్ని నివేదికలను మరల కొలిచి సరిచూచెను. ఆడిటర్లు వారే, యంత్రములు అవే. అయినను తప్పుడు నివేదికలు 80 శాతము వరకు తగ్గెను. ఆ ఫ్యాక్టరీలు తమ కాలుష్యమును కూడ తగ్గించుకొనెను. 2015లో మండలి ఈ పద్ధతిని నియమముగా స్వీకరించెను.

అదే కాలమున మరియొక పరీక్షయు జరిగెను. కొన్ని ఫ్యాక్టరీలలో ప్రభుత్వాధికారుల తనిఖీలు ఇంచుమించు రెట్టింపు చేయబడెను. అయినను సగటు కాలుష్యములో చెప్పుకోదగిన తగ్గుదల కానరాలేదు. ఏలయన, మిక్కిలి చెడ్డ ఫ్యాక్టరీలను అధికారులు మునుపే ఎరిగి చూచుచుండిరి. అదనపు తనిఖీలు చిన్న తప్పులు గలవారి కడకే పోయెను. కనుక రాకపోకల సంఖ్యను పెంచినంతమాత్రమున చాలదు.

సూరత్‌లో క్రొత్త పద్ధతి

తెలంగాణము నుండి వలసవెళ్ళిన నేతపనివారి కుటుంబములు అనేకము నివసించు సూరత్ నగరమున, బట్టల మిల్లుల బాయిలర్లు బొగ్గును కాల్చి దుమ్మును వెలువరించుచున్నవి. 2019లో ఇచ్చట గుజరాత్ మండలి ఒక నూతన విధానమును ప్రారంభించినది. మొదట పొగగొట్టములకు నిరంతరము కొలుచు యంత్రములు అమర్చబడెను. పిదప ఆ మిల్లులన్నియు కలిసి వదలదగిన దుమ్ముకు మొత్తముమీద ఒక హద్దు ఏర్పరుపబడెను. ఆ మేరకు పర్మిట్లు పంచబడెను. దుమ్మును తగ్గించుకొనిన మిల్లు మిగిలిన పర్మిట్లను అమ్ముకొనవచ్చును; తగ్గించుకొనలేనిది కొనవలెను. పర్మిట్లకు మించి వదలినచో ముందుగా జమకట్టిన ధరావతు నుండి పరిహారము తగ్గిపోవును.

300కు పైగా ఫ్యాక్టరీలతో జరిగిన ఈ ప్రయత్నమున, పాత నియమము క్రింద నున్నవానికంటె పర్మిట్ల పద్ధతి క్రింద నున్నవి 20 మొదలు 30 శాతము వరకు తక్కువ దుమ్మును వదలినట్లు తేలెను. ఫ్యాక్టరీలు దాదాపు అన్నియు తమ లెక్కకు సరిపడు పర్మిట్లను చూపెను. శుభ్రత వలన లాభమును, అశుభ్రత వలన ఖర్చును ప్రతిదినము కనబడినందున యజమానులు స్వయముగనే శ్రద్ధ వహించిరి. కొలత నమ్మదగినదిగా లేనిదే ఈ బేరమునకు విలువ లేదు.

సహాయము, శిక్ష

చిన్న ఫ్యాక్టరీకి మనసున్నను శక్తి చాలకపోవచ్చును. ఒక్కొక్కటి తనకు తానుగా మురుగునీటి శుద్ధియంత్రమును కట్టుకొనుట కష్టము. అందుచేత హైదరాబాదు చెంత జీడిమెట్ల, పటాన్‌చెరు మున్నగు పారిశ్రామిక ప్రాంతములలో ఉమ్మడి శుద్ధికేంద్రములు వెలసినవి. అయినను అచ్చటికి చేరు నీటిని, అచ్చట నుండి వెడలు నీటిని సరిగా కొలువనిచో ఉమ్మడి కేంద్రము వలన ప్రయోజనము కొరవడును. పటాన్‌చెరు ప్రాంతపు కాలుష్యము 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళిన సంగతి మరువరాదు.

శిక్షల తీరును మారినది. పూర్వము మండలి శిక్ష కోరినచో క్రిమినలు కోర్టుకు పోవలసియుండెను. కేసులు ఏండ్లతరబడి సాగుచుండెను. 2023లో చేసిన జనవిశ్వాస్ చట్టము వాయు, పర్యావరణ చట్టములలోని అనేక నేరములకు చెరసాలకు బదులు 10,000 రూపాయల మొదలు 15 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్ణయించినది. దీనిని న్యాయనిర్ణయాధికారి విధించును. చెల్లించనిచో చెరసాల శిక్షయు రావచ్చును. 2024లో జలచట్టమును ఇట్లే సవరింపబడి, మొదట హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్, కేంద్రపాలిత ప్రాంతములలో వర్తించెను; ఇతర రాష్ట్రములు తీర్మానము ద్వారా దానిని స్వీకరింపవచ్చును. జరిమానా త్వరగా పడుట మేలు. కాని పెద్ద ఫ్యాక్టరీకి అది ఒక సాధారణపు ఖర్చుగా మారిపోకుండ చూచుకొనవలెను.

పౌరుల కర్తవ్యము

కాలుష్యమును మొదట కనుగొనువారు దాని ప్రక్కన నివసించు ప్రజలే. చెరువునీటి రంగు మారినను, రాత్రివేళ పొగ దట్టమైనను తేదీ, వేళ, స్థలము, వాసన, గాలి వీచు దిక్కు వ్రాసి యుంచుకొనుడు. ఛాయాచిత్రములు తీయుడు. వీనితో మండలి కార్యాలయమునకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయుడు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఫ్యాక్టరీ అనుమతి పత్రమును, పరీక్షాఫలితములను అడుగుటకు మీకు హక్కు కలదు. 60 దినముల ముందుగా నోటీసు ఇచ్చి పౌరుడు తానే న్యాయస్థానము నాశ్రయింపవచ్చును. 2010లో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునలునకు కూడ వెళ్ళవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు దాని దక్షిణ ధర్మాసనము చెన్నైలో నున్నది. సాధారణముగా వివాదకారణము పుట్టిన 6 మాసముల లోపల అర్జీ దాఖలు చేయవలెను.

మీరు వ్రాసి యుంచు తేదీయు, వేళయు కూడ ఒక కొలతయే. అధికారి తెచ్చు మచ్చునకు, యంత్రము చూపు అంకెకు తోడుగా ఈ సాక్ష్యము నిలిచినప్పుడు అబద్ధపు నివేదికకు చోటు తగ్గును. మీ గ్రామమునను, మీ వాడయందును ఈ శ్రద్ధ వహించుడు. మీ బిడ్డలు పీల్చు గాలికి, త్రాగు నీటికి అది రక్ష.