ఫోను మూగబోయిన మూడు రోజులు

వానాకాలపు సాయంత్రం. హైదరాబాదులో నీరు నిలిచిన ఒక వీథిలో, ఆగిపోయిన తన ఆటోను తోసుకుంటూ పోతున్నాడొక యువకుడు. వంగినప్పుడు చొక్కా జేబులోని స్మార్ట్‌ఫోను జారి నీటిలో పడింది. మరుక్షణమే పైకి తీశాడు. తెర ఇంకా వెలుగుతూనే ఉన్నది. గండం గడిచిందనుకొని ఇల్లు చేరాడు. అలవాటు కొద్దీ చార్జరు తగిలించాడు. అరగంట గడిచేసరికి తెర నల్లబడిపోయింది.

"బియ్యంల పెట్టు బిడ్డా, తడంత గుంజుకుంటది" అన్నది పెద్దమ్మ. రాత్రంతా ఫోను బియ్యపు డబ్బాలో నిద్రించింది. తెల్లవారినా మేలుకోలేదు.

ప్రయాణికుల పిలుపులు వచ్చేది ఆ ఫోనుకే. దారి చూపేది అదే. ఆటోలో అతికించిన క్యూఆర్ పత్రం చూచి ప్రయాణికులు చెల్లించే సొమ్ము బ్యాంకు ఖాతాలో చేరుతూనే ఉంటుంది గాని, చేరినదో లేదో చూచుకొనే కన్ను పోయింది. ఆటో వాయిదా కట్టడానికి నాలుగు రోజులే గడువున్నది. వీటన్నిటికంటె అతనిని కలవరపెట్టినది మరొకటి. ఏడాది క్రిందట కన్నుమూసిన తల్లి తన గొంతుతో పంపిన సందేశాలు ఆ ఫోనులోనే ఉన్నాయి. వాటికి మరో ప్రతి లేదు.

సర్వమూ ఒక్కచోటే

మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జూలై 31న జరిగింది. నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తానుండి, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. నాడది మాట్లాడే సాధనం మాత్రమే. 2016లో యూపీఐ రాకతో అదే డబ్బుసంచిగా మారింది. 2023 ఆగస్టులో యూపీఐ చెల్లింపుల సంఖ్య ఒక్క నెలలోనే వెయ్యి కోట్లు దాటింది. గడియారం, పటం, చిరునామాల పుస్తకం, ఫోటోల ఆల్బం, రైలు టికెట్టు అన్నీ ఒకదాని వెనుక ఒకటి ఆ అరచేతి పలకలోకి చేరాయి. బ్యాంకుకైనా, ఆధార్ పనికైనా 'ఓటీపీ' అనే సంకేత సంఖ్య ఫోనుకే వస్తుంది.

పూర్వం ఫోను చెడితే మాట ఆగేది. ఇప్పుడు బ్రతుకుతెరువే ఆగుతున్నది.

బియ్యం చేయలేని వైద్యం

తడిసిన ఫోనుకు నీరొక్కటే శత్రువు కాదు. వాననీటిలో, మురుగులో కరిగివున్న లవణాలు విద్యుత్తును ప్రవహింపజేస్తాయి. తడిగా ఉన్న సర్క్యూటులో విద్యుత్తు ప్రవహిస్తే లోహపు భాగాలు శీఘ్రంగా క్షయిస్తాయి. కాబట్టి ఆటో యువకుని ఫోనుకు నీటిలో పడడం కంటె, ఆ తరువాత చార్జరు తగిలించడమే ఎక్కువ కీడు చేసినది.

బియ్యం విషయానికి వస్తే, అన్ని వైపులా మూసివున్న ఫోను లోపలి తడిని అవి లాగలేవు. పైగా నలుసులు రంధ్రాలలో చేరవచ్చు. ఫోనును బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ సంస్థ 2024లో తన వినియోగదారులకు స్పష్టంగా చెప్పింది. చేయవలసినది వేరు. వెంటనే స్విచ్చి ఆపాలి. సిమ్ తీసివేయాలి. పైతడి తుడిచి, రంధ్రం క్రిందికి ఉండేలా పట్టుకొని నీరు కార్చాలి. వేడిగాలి కొట్టరాదు; చార్జరు జోలికి పోరాదు. వీలైనంత త్వరగా పనివాని వద్దకు చేర్చాలి.

బల్లమీది శస్త్రచికిత్స

మొదట అతడు వెళ్ళినది కంపెనీవారి సర్వీసు కేంద్రానికి. అక్కడ చెప్పినది క్లుప్తంగా ఉన్నది. ప్రధాన బోర్డు మార్చాలి. కొత్త ఫోను వెలలో సగానికి పైగా అవుతుంది. లోపల ఉన్న సమాచారం తిరిగి రాదు.

అక్కడినుండి ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు నడిచాడు. ఢిల్లీలో కరోల్‌బాగ్ గఫార్ మార్కెట్టు, మద్రాసులో రిచీ వీథి వంటి చోట్ల కనిపించే దృశ్యమే ఇక్కడా కనిపిస్తుంది. మూరెడు బల్ల, దానిపై సూక్ష్మదర్శిని, వేడిగాలి యంత్రం, సన్నని చిమటాలు, డబ్బా నిండా చచ్చిన ఫోనుల బోర్డులు.

"తడిసినంక చార్జింగు పెట్టినవా తమ్మీ?" అన్నదే ఆ పనివాని మొదటి ప్రశ్న.

"పెట్టిన అన్నా."

అతడు మరి మాట్లాడలేదు. వేడిగాలితో జిగురు మెత్తబరచి వెనుక పలక విప్పాడు. బ్యాటరీ తీగ విడదీశాడు. బోర్డును ఆల్కహాలుతో కడిగి, మల్టీమీటరుతో ఒక్కొక్క దారినే తడిమి చూశాడు. చార్జింగు దారిలో ఒక చిన్న భాగం చుట్టూ పచ్చని తుప్పు పట్టివున్నది. దానికి సరిపడేది చచ్చిన ఫోనులలో వెదకాలి. "రెండు దినాలు పడతది. గ్యారంటీ ఇయ్యలేను" అన్నాడు.

ఈ విద్య చాలవరకు గురుముఖంగానే, పక్క బల్ల వద్ద కూర్చునే అబ్బుతుంది. అయితే భాగాలను జిగురుతో అతికించి, విడిభాగాలను, మరమ్మతు పుస్తకాలను బయటివారికి అందనీయకపోతే ఎంతటి పనివాడైనా నిస్సహాయుడే. ఈ కారణం చేతనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు'పై ఒక సంఘాన్ని నియమించి, అదే సంవత్సరం డిసెంబరులో కంపెనీల మరమ్మతు వివరాలను ఒకచోట చేర్చే పోర్టలును ప్రారంభించింది. ఐరోపా సమాఖ్య మరింత ముందుకు సాగింది. 2025 జూన్ 20 నుండి అక్కడ విడుదలయ్యే ఫోనులకు, ఆ రకం అమ్మకం ఆగిన తరువాత కూడా ఏడేళ్ళపాటు ముఖ్యమైన విడిభాగాలు అందించవలసి ఉన్నది.

కీప్యాడ్ ఫోనుతో కాలక్షేపం

ఆ రెండు రోజులు గడిచినదెట్లా? బావమరిది ఇంట అటకపై పడివున్న కీప్యాడ్ ఫోను అక్కరకు వచ్చింది. మొబైలు నంబరు ఉండేది సిమ్‌లో గాని ఫోనులో కాదు. చిన్న సిమ్‌ను చట్రంలో అమర్చి ఆ ఫోనులో వేయగానే మాటలు, ఓటీపీలు రాసాగాయి. *99# నొక్కితే ఇంటర్నెట్టు లేకుండానే ఖాతాలో నిలువ ఎంతో తెలిసింది. పోయిన కన్ను కొంత తిరిగి వచ్చింది. ఇటువంటి ఫోనులకోసమే రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో 'యూపీఐ 123పే'ను కూడా ప్రారంభించింది.

యాప్ పిలుపులు లేవు గనుక అతడు మళ్ళీ ఆటో స్టాండులో నిలబడ్డాడు. రాబడి తగ్గింది, సందేహం లేదు. కాని వాయిదా డబ్బుకు లోటు రానంతగా బేరాలు తగిలాయి. భార్య నంబరు కూడా కంఠతా రాదని ఆ రోజే తెలుసుకొని, ముఖ్యమైన నంబర్లన్నీ ఒక చిన్న నోటుపుస్తకంలో వ్రాసుకున్నాడు.

ఫోనును మరమ్మతుకిచ్చే ప్రతివారూ గుర్తుంచుకోదగినవి కొన్ని ఉన్నాయి. ఫోను బాగున్నప్పుడే *#06# నొక్కి, కనిపించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను వ్రాసి పెట్టుకోవాలి. అది పెట్టె మీద కూడా ఉంటుంది. సిమ్, మెమరీ కార్డు ఇంట ఉంచుకోవాలి. పని వివరం, అంచనా ఖర్చు వ్రాసిన చీటీ అడిగి తీసుకోవాలి. తాళపు సంఖ్య చెప్పక తప్పకపోతే, ఫోను చేతికి రాగానే దానిని మార్చాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, నొక్కరాదు.

మూడవ నాటి సాయంత్రం తెర వెలిగింది. వరుసగా వచ్చిపడుతున్న సందేశాలను అతడు చూడలేదు. పాతవాటిలో ఒకదానిని వెదకి, ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"అన్నం తిన్నవా బిడ్డా?"

పనివాడు కొంతసేపు తల ఎత్తలేదు. తరువాత అన్నాడు: "తుప్పు పట్టిన బోర్డు తమ్మీ, మళ్ళ ఎప్పుడు ఆగుతదో తెల్వదు. అమ్మ మాటలు ఇయ్యాల్నే ఇంకో తాన దాచుకో."

ఆ రాత్రే యువకుడు వాటిని భార్య ఫోనులోనికి, బావమరిది కంప్యూటరులోనికి ఎక్కించాడు. నోటుపుస్తకం మాత్రం నేటికీ ఆటో పెట్టెలోనే ఉన్నది.