మొండిఘటం అనే ముందు

నాలుగో తరగతి పిల్లాడు. తెలుగు పీరియడ్ మొదలైతే చాలు, పక్కవాణ్ని గిల్లుతాడు, పెన్సిల్ లాక్కుంటాడు, బెంచీ కిందికి దూరతాడు. టీచరు బయట నిలబెడుతుంది. సంగతి తెలిసి ఇంట్లో అమ్మ రెండు తగిలిస్తుంది. మర్నాడు మళ్లీ అదే వరస. ఆటల్లో, లెక్కల క్లాసులో మాత్రం వాడి మీద ఒక్క ఫిర్యాదూ ఉండదు.

అసలు ఆనవాలు అక్కడే ఉంది. పాఠం పైకి చదివే వంతు వస్తుందంటే వాడికి భయం. అక్షరాలు కూడబలుక్కోలేక నలుగురిలో నవ్వులపాలవడం కన్నా అల్లరివాడనిపించుకోవడమే నయమనుకుంటాడు. బయట నిలబెట్టగానే వాడి ప్రాణం కుదుటపడుతుంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి డిస్‌లెక్సియా ఉంటుంది. తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు. ఇలాంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది కూడా. అయినా మన బళ్లలో వాళ్లకు ఇప్పటికీ దక్కుతున్న పేరు 'మొద్దు'. కొందరికైతే బోర్డు సరిగా కనపడదు, పాఠం సరిగా వినపడదు. రక్తహీనత ఉన్న పిల్లలు ఊరికే విసుక్కుంటారు, దేనిమీదా మనసు నిలపలేరు. అందుకే తిట్టే ముందు ఒకసారి డాక్టరుకు చూపించాలి.

ఇంటర్ పిల్లల సంగతి వేరు. యుక్తవయసులో నిద్ర తెచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. పదకొండైనా కన్ను మూతపడకపోవడానికి ఫోన్ ఒక్కటే కారణం కాదు. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. హాస్టల్లో తెల్లవారుజామునే లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చోబెడితే ఆ నిద్ర ఎక్కడిది? పైగా ఆవేశానికి కళ్లెం వేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుంది. నిద్ర చాలని పిల్ల ఆదివారం అమ్మ మీద అరిస్తే 'పొగరెక్కింది' అంటాం. అది అన్యాయం.

అమెరికా మనస్తత్వవేత్త రాస్ గ్రీన్ 1998లో రాసిన 'ది ఎక్స్‌ప్లోజివ్ చైల్డ్' పుస్తకమంతా ఇలా గొడవపడే పిల్లల బాధ గురించే. పిల్లలు చేతనైతే బాగానే ఉంటారని ఆయన నమ్మకం. ఎప్పుడు, ఏ పని దగ్గర గొడవ మొదలవుతోందో గమనించాలి. కోపాలు చల్లారాక 'అక్కడ నీకేం కష్టంగా ఉంది నాన్నా?' అని అడిగి, మధ్యలో ఉపదేశం చెయ్యకుండా వినాలి. ఆ తర్వాత దారి ఇద్దరూ కలిసి వెతకాలి. అలాగని చెల్లెల్ని కొడుతుంటే చూస్తూ ఊరుకోమని కాదు. చెయ్యి పట్టుకుని ఆపాలి. కారణం తర్వాత అడగాలి.

బళ్లో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఆ సంగతి తెలియని టీచర్లు లేరు. పాటించనివాళ్లే ఉన్నారు.

నిన్నటిదాకా గలగలమన్న పిల్ల ఒక్కసారిగా ముడుచుకుపోయినా, ఫలానా మనిషిని చూసి వణికినా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా 'నాటకాలు' అని కొట్టిపారెయ్యకండి. వేధింపుల అనుమానముంటే 1098కి, మనసు బాగోలేదనిపిస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. రెండూ ఉచితమే, 24 గంటలూ పలుకుతాయి.