పొగ రంగు చూసి.. బొగ్గు!

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో బొగ్గు అనగానే ఇల్లెందు గనులే గుర్తొస్తాయి. 1871లో విలియం కింగ్ అక్కడ నేలబొగ్గును గుర్తించాడు. కానీ బోనకల్ లాంటి ఊళ్లలో ఇస్త్రీపెట్టెకూ కమ్మరి కొలిమికీ ఎరిగిన నేస్తం కట్టెబొగ్గే.

సర్కారు తుమ్మ మొద్దుల్ని కుప్పగా పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి నిప్పుపెడతారు. గాలి ఆడీ ఆడనట్టు రోజుల తరబడి మగ్గాలి. అసలు కష్టం అక్కడే! మట్టి పగిలి చిన్న కంత పడితే చాలు, లోపలి కట్టె భగ్గుమని బూడిదైపోతుంది. అందుకే బట్టీ పెట్టినవాళ్లకు రాత్రిళ్లు నిద్ర ఉండదు. వంతులేసుకుని కాపలా కాయాల్సిందే. దట్టమైన తెల్లపొగ పలచబడి నీలంగా మారితే బొగ్గు తయారైనట్టే. ఇంతా చేస్తే, నాలుగైదు టన్నుల కట్టెకు దక్కేది టన్ను బొగ్గు. చల్లారకముందే తొందరపడి తవ్వారో, గాలి తగిలి అదీ మళ్లీ రాజుకుంటుంది. నీళ్ల బిందెలు పక్కనే ఉంచుకునేది అందుకే.